కట్టుడు పళ్ళ ట్రాక్టరు

ఏ పనైనా బాగా చేస్తే నలుగురూ మెచ్చుకుంటారు. కట్టుడు పళ్ళు చేసేవాళ్ళకు మాత్రం ఆ యోగం లేదు. వాళ్ళ పని బాగా కుదిరితే అక్కడొక పని జరిగిందని ఎవరికీ తెలియదు. తెలిసిందంటే కుదరలేదని అర్థం. ఈ కథలోని అక్క నలభై ఏళ్ళపాటు ఒక పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని, మైనంతో అచ్చులు తీసి, రంగు పొడులు కలిపి, వేలకొద్దీ పళ్ళ సెట్లు చేసింది. ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం ఆవిడ చేతి చలవే. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నవ్వేవాళ్ళకు తెలుసు, మూడో మనిషికి తెలియదు.

పనిలో చేరిన మొదటిరోజే డాక్టరుగారు గట్టిగా చెప్పారు. "చూడమ్మా, ఎవరి నోట్లో ఏముందో మన నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, మనం దుకాణం కట్టేసుకోవాల్సిందే." అక్క ఆ మాటను ఎంతగా పట్టుకుందంటే, కట్టుకున్న మొగుడికి కూడా ఏనాడూ ఒక్క పేరు చెప్పలేదు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నలుగురు కలిసినచోట ఎవరైనా నోరారా నవ్వితే చాలు, భార్య వైపు వంగి "నీవేనా?" అని చెవిలో అడిగేవాడు. ఆవిడ ఉలకదు, పలకదు.

రిటైరయ్యేటప్పుడు అక్క తన పనిముట్లన్నీ ఇంటికి తెచ్చుకుంది. మైనం కోసే చాకులు, వేలెడంత ఆకురాళ్ళు, పళ్ళకు మెరుగు పెట్టే బుల్లి మోటారు, సగం మిగిలిన ప్లాస్టరు బస్తా. చేతులు ఊరుకోవు కదా. ఇంట్లో పిడి విరిగిన కప్పులన్నిటికీ పిడులొచ్చాయి. గోడ గడియారానికి పోయిన అంకె వచ్చింది. కండక్టరుగారి కళ్ళజోడుకు ఎవరూ అడగకుండానే కొత్త కాలు వచ్చింది. "నేను కాసేపు కదలకుండా కూర్చుంటే నాకూ ఏదో ఒకటి అతికించేస్తావు నువ్వు" అని ఆయన తరచూ చోటు మారుతూ ఉండేవాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం తమ్ముడు వ్యాను మీద నాన్న ట్రాక్టరు వేసుకొచ్చాడు.

ట్రాక్టరంటే పొలం దున్నే పెద్ద బండి కాదు. తోటపనికి వాడే చిన్నది, మనిషి ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగిలేంతటిది. ఒకటే సిలిండరు, ముందు రెండు బుల్లి చక్రాలు, వెనక రెండు కాస్త పెద్దవి. నాన్న మొక్కలు పెంచి అమ్మేవాడు. ఈ బండి వెనక తొట్టి తగిలించుకుని కుండీలు మోసేవాడు. ఆయన పోయాక పన్నెండేళ్ళుగా అది తమ్ముడి పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. ముందు జాలీలో ఐదు నిలువు కడ్డీలుండాల్సిన చోట రెండే మిగిలాయి. బోనెట్ మీది కంపెనీ బిళ్ళ సగానికి విరిగింది. గేరు కర్ర మీద గుండు లేదు. వ్యానులోంచి దింపుతుంటే సైలెన్సరు గొట్టంలోంచి ఒక తొండ తల బయటపెట్టి, అక్కను, కండక్టరుగారిని ఎగాదిగా చూసి, నచ్చనట్టు మళ్ళీ లోపలికి పోయింది.

తమ్ముడు సర్వే ఆఫీసులో పనిచేసినవాడు. జేబులో టేపు లేకుండా బయటికి రాడు. గోరంత తేడా ఉన్నా ఒప్పుకోడు. రిటైరయ్యాక పాత యంత్రాల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆ సంఘానికొక మ్యూజియం ఉంది. పాత పంపులు, కుట్టుమిషన్లు, మోటారుసైకిళ్ళు అన్నిటినీ తళతళలాడించి తాడు కట్టి అవతల నిలబెడతారు. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ నడపకూడదు.

"నీ చేతులెలాగూ ఖాళీగా ఉన్నాయిగా అక్కా" అన్నాడు తమ్ముడు. "దీన్ని బాగుచెయ్యి. సంఘం పరీక్షలో నెగ్గితే మ్యూజియంలో పెడదాం. పక్కన నాన్న పేరుతో ఇత్తడి బోర్డు."

"నెగ్గకపోతే?"

"నెగ్గకపోతే నాకెందుకు, నువ్వే ఉంచుకో. కానీ నువ్వు కావాలని పాడుచెయ్యకూడదు. నాన్న మీద ఒట్టెయ్యి."

"ఈ తుప్పు డొక్కు నాకెందుకురా! ఒట్టే, సరేనా?"

పరీక్ష నియమం చిన్నదే. కంటికి కనిపించే భాగాలన్నీ ఆ కంపెనీలో పుట్టినవే అయి ఉండాలి. ఒక్కటి తర్వాత చేసిందైనా బండి పనికిరాదు. పోయిన భాగాల కోసం ఊరూరా ఉత్తరాలు రాసి వెతికే పూచీ తమ్ముడు తీసుకున్నాడు. బాగుచేసే పూచీ అక్కది.

ఇంజను విప్పడం అక్కకు కొత్తేమీ కాలేదు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ప్రతి నట్టూ అందించింది ఆవిడే. కార్బరేటరులోని సన్నటి రంధ్రాలను పళ్ళ సందులు శుభ్రం చేసే సూదులతో తోమింది. పెట్రోలు ట్యాంకులో తుప్పు వదలడానికి గుప్పెడు గులకరాళ్ళు, కాస్త కిరసనాయిలు పోసి, మూత బిగించి, ఊపమని కండక్టరుగారి చేతికిచ్చింది. "ముప్పై ఐదేళ్ళు బస్సు నన్ను ఊపింది, ఇప్పుడు నా వంతన్నమాట" అని ఆయన వారంరోజులు పొద్దునా సాయంత్రం అరుగు మీద నిలబడి ఊపాడు. పక్కింటివాళ్ళు ఇదేదో వ్యాయామం అనుకుని ఎన్నిసార్లు చేయాలని అడిగారు. తొండ గారిని మర్యాదగా కంచె దాకా సాగనంపారు.

నాలుగో నెలలో ఒక పొద్దున, ఇంజను చక్రానికి తాడు చుట్టి అక్క లాగింది. ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. ఏడోసారి అందుకుంది. నల్లటి పొగ ఒక్కసారిగా లేచి పక్కింటి తీగ మీద ఆరేసిన దుప్పట్ల మీదికి నేరుగా పోయింది. అక్క ఆ సంగతి చూడనేలేదు. కొంగు బిగించి ఎక్కి కూర్చుని గేరు వేసింది. ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. కండక్టరుగారు ఇంటి వెనకమెట్టు మీద నిలబడి "స్టాపొచ్చింది, దిగాలి, దిగాలి" అని అరుస్తున్నా ఆగలేదు. సీటు కింద దడదడలాడుతూ ఇంజను, ముందు కొట్టుకునే బోనెట్, చేతుల్లో బరువైన స్టీరింగు. పదకొండేళ్ళ వయసులో నాన్న మొదటిసారి నడపనిచ్చినప్పుడు కలిగిన గర్వమే అరవై రెండేళ్ళకు మళ్ళీ కలిగింది. ఆవిడకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆరో చుట్టు వేసింది.

దిగాక చెప్పింది. "ఈ బండి నాకు కావాలండీ. తాడు వెనక చచ్చినట్టు పడి ఉండటానికి కాదు. నేను ఎక్కి తిరగడానికి."

"మరి ఒట్టు?"

"పాడుచెయ్యనని ఒట్టేశాను. నెగ్గిస్తానని వెయ్యలేదుగా."

కండక్టరుగారు ఆవిడ మొహంలోకి చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ చూపు ఎప్పుడొచ్చినా ఇంట్లో ఏదో ఒకటి జరిగింది.

అక్క ఎత్తు ఇదీ. పోయిన కడ్డీలు, బిళ్ళ, గుండు అన్నీ తనే చేసేస్తుంది. పోయినవాటిని చేయడం పాడుచేయడం కాదు కదా. అవి పాత ఇనుము కొట్లో దొరికాయని తమ్ముడికి చెబుతుంది. నిజం చెబితే వాడు దేశమంతా గాలించి అసలువి తెచ్చిపెడతాడు. ఇక పరీక్షరోజు సంఘం పెద్దాయన వచ్చి, ఇవి నకిలీవని ఇట్టే పట్టేసి, బండిని తోసిపుచ్చుతాడు. ఒట్టూ నిలబడుతుంది, బండీ నిలబడుతుంది.

చెప్పుకోవడానికి ఎంత తేలిగ్గా ఉందో! కానీ ఆవిడ చేతుల సంగతి ఆవిడే మరిచిపోయింది.

మిగిలిన కడ్డీకి మైనంతో అచ్చు తీసింది. ప్లాస్టరులో పోసింది. పళ్ళ చిగుళ్ళు చేసే గులాబిరంగు పొడి, ద్రవం కలిపి అందులో నింపి, గిన్నెలో ఉడకబెట్టి మూడు కడ్డీలు తీసింది. అక్కడితో ఆగితే గుడ్డివాడైనా పట్టుకునేవాడు. ఆవిడ ఆగలేకపోయింది. కడ్డీ తేలిగ్గా ఉందని లోపల ఇనప రజను కలిపి మళ్ళీ పోసింది. గోటితో కొడితే టకటకమంటోందని, ఖంగుమనేదాకా రజను పెంచింది. పైన లోహపు రంగు అద్ది, వాడేసిన ఇంజను నూనెతో రుద్ది, ఎండలో పెట్టి, ఆకురాయితో చిన్నచిన్న గీతలు గీసింది. పళ్ళ సెట్టులో అన్నీ ఒకేలా తీర్చిదిద్దితే ఎవరూ నమ్మరని, ఒక పన్ను కాస్త వంకరగా పెట్టడం ఆవిడ పద్ధతి. ఆ లెక్కనే నాలుగో కడ్డీని, ఎప్పుడో రాయి తగిలినట్టు, ఒక పిసరు లోపలికి వంచింది.

కండక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. "అసలువి ఏవే?"

అక్క గర్వంగా నవ్వబోయి ఆగింది. "కొంచెం బాగా వచ్చినట్టున్నాయి కదూ?"

"పోనీ ఒకటి చెడగొట్టి చెయ్యరాదూ?"

చేసింది. గేరు కర్ర గుండును కావాలని సొట్టలతో చేసింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే అన్నం సహించలేదు. ఆ సొట్టలే కళ్ళ ముందు కనిపించాయి. చేయి కడుక్కుని పోయి నున్నగా అరగదీసి, నలభై ఏళ్ళు అరచేతులు తగిలి అరిగినంత అందంగా దానికి మెరుగు పెట్టింది. బయటికొచ్చాక నెత్తి కొట్టుకుంది. తన గొయ్యి తాను ఇంత ముచ్చటగా తవ్వుకునే మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు.

సరే, పని అటూ ఇటూ అవుతోంది గనుక, బండిని తనకు వీలుగా కూడా మార్చుకోవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పికి పనికొస్తుందని సీటు రెండంగుళాలు పైకి లేపింది. ఆదివారం వచ్చిన తమ్ముడు టేపు తీసి, "ఇది రెండంగుళాలు ఎత్తు పెరిగిందేంటక్కా?" అన్నాడు.

"వయసొచ్చి నువ్వే రెండంగుళాలు కుంగుంటావు."

వాడు నవ్వలేదు. దగ్గరుండి సీటు దింపించాడు. ఆ కసికొద్దీ అక్క, ఎండలో తిరిగేటప్పుడు గొడుగు గుచ్చుకోవడానికని, సీటు వెనక ఒక గొట్టం బిగించింది. అది వాళ్ళింటి కిటికీ పరదా కడ్డీ ముక్క. దానికీ తుప్పు, గీతలు, నూనె మరకలు అన్నీ యథావిధిగా పెట్టింది. తమ్ముడు దాన్ని చూసి ఇదేమిటన్నాడు. "ఏమోరా, మట్టి గీకితే బయటపడింది" అంది కళ్ళు ఆర్పకుండా. వాడు దాని పొడవు, చుట్టుకొలత పుస్తకంలో రాసుకున్నాడు.

పరీక్షరోజు రానే వచ్చింది. మ్యూజియం ముందు సిమెంటు నేల మీద ట్రాక్టరు నిలబెట్టారు. ఎర్రటి రంగు, నల్లటి చక్రాలు, ఐదు కడ్డీల జాలీ. సంఘం సభ్యులు ముప్పైమంది దాకా చుట్టూ చేరారు. లోపల కొత్తగా కట్టిన తాడు, గోడకు ఆనించిన ఇత్తడి బోర్డు తలుపులోంచి కనిపిస్తున్నాయి. బోర్డు మీద నాన్న పేరు చూసి అక్క ఒక అడుగు అటు వేసింది. తర్వాత ఆ తాడు చూసింది. మళ్ళీ గుండె గట్టి చేసుకుంది.

పరీక్షించే పెద్దాయనను అందరూ భూతద్దం గారంటారు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతూ ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. అసలేదో నకిలీ ఏదో తన కంటికి తప్పదని ఆయన ధీమా. ఆయనకు ఇంకో ధీమా కూడా ఉంది, తన పళ్ళు. ఈ వయసులోనూ పచ్చి జామకాయ కొరికి చూపించి, "అన్నీ అసలువే, ఒక్కటీ కదల్లేదు" అని కుర్రకారును సిగ్గుపడేలా చేస్తుంటాడు. ఆ పళ్ళన్నీ అక్క చేసినవే. పంతొమ్మిదేళ్ళ కిందట టోపీ కళ్ళదాకా దించుకుని ఆసుపత్రి వెనకదారిన ఏడుసార్లు వచ్చాడు. పైవరుస కుదిరేదాకా అక్కతో పోట్లాడాడు. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదని ఆయన నమ్మకం. అప్పటినుంచీ ఇద్దరూ ఎక్కడ ఎదురుపడినా, ఎప్పుడూ చూసుకోనివాళ్ళలా నమస్కారం పెట్టుకుంటారు.

ఇవాళా అలాగే పెట్టుకున్నారు.

భూతద్దం గారు మోకాళ్ళ మీద వంగి జాలీ చూశాడు. గోటితో కొట్టాడు. ఖంగుమంది. "చూశారా ఆ శబ్దం! ఇప్పుడు పోతపోసే ఇనుములో ఇది వినిపించదు." నాలుగో కడ్డీ దగ్గర ఆగాడు. "పాపం, రాయి తగిలింది. కానీ చెక్కుచెదరలేదు. అసలు సరుకంటే అది." సభ్యులందరూ తలలూపారు. బిళ్ళ చూశాడు, గుండు చూశాడు. "దీన్నెన్ని చేతులు పట్టుకున్నాయో!" అని తన్మయంగా దాన్ని నిమిరాడు.

అక్కేమో, పట్టుకో నాయనా, ఒక్కటైనా పట్టుకో అని మనసులో మొక్కుతోంది. ఇంకోపక్క, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆయన మెచ్చుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తోంది.

ఆయన సీటు వెనక్కి వెళ్ళి గొట్టం దగ్గర శిలావిగ్రహంలా నిలబడిపోయాడు. భూతద్దం ఆనించి రెండు నిమిషాలు చూశాడు. "కార్యదర్శి గారూ, ఇది ఏమిటో తెలుసా? గొడుగు గొట్టం! కంపెనీవాళ్ళు మొదటి యాభై బండ్లకే పెట్టారని విన్నాను. ఇన్నేళ్ళలో కళ్ళారా చూడటం ఇదే."

తమ్ముడి కాళ్ళు నేల మీద ఆనలేదు. కండక్టరుగారికి దగ్గు తెర ముంచుకొచ్చి పక్కకు పోయాడు. వాళ్ళింట్లో కిటికీకి పరదా లేక రెండు నెలలుగా ఎండ ఆయన కళ్ళలోనే పడుతోంది.

భూతద్దం గారు బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు తెరిచాడు. కలం మూత తీశాడు.

"ఆగండి" అంది అక్క. "అవి అసలువి కావు. నేను చేశాను."

అందరూ ఇటు తిరిగారు. తమ్ముడు గబగబా వచ్చాడు. "అక్కా, ఏంటిది? నువ్వేగా పాత ఇనుము కొట్లో దొరికాయన్నావు!"

"అబద్ధం చెప్పాను. ఈ మూడు కడ్డీలు, బిళ్ళ, గుండు నేనే చేశాను. ఆ గొట్టం మా కిటికీ పరదా కడ్డీ."

"బండి ఇవ్వడం ఇష్టంలేక ఇప్పుడిలా అంటున్నావు కదూ?" అన్నాడు తమ్ముడు. కోపంతో కాదు, మనసు కష్టపెట్టుకుని. "నాన్న పేరు పదిమందీ చదువుతారనుకున్నానక్కా."

"ఇవ్వడం ఇష్టంలేని మాట నిజమేరా. కానీ నేను చేశానన్న మాట కూడా నిజమే."

సభ్యుల్లో గుసగుసలు లేచాయి. ఒకాయన నవ్వాడు. "ఇలాంటివి చేతితో చేస్తారా అమ్మా? మా అందరి కళ్ళూ పోయాయా?" అందరూ భూతద్దం గారి వైపు చూశారు. ఆయన అక్క వైపు చూడకుండా కలం వైపు చూస్తూ, "నమ్మడం కష్టమేనమ్మా. రుజువేముంది?" అన్నాడు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రుజువు! ఆయన నోట్లోనే ఉంది రుజువు, రెండు వరుసలుగా. ఒక్క మాట చాలు. అక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. 'అయ్యా, మీ పైవరుస నేను చేసిందే కదా, అది పట్టుకున్నారా ఎవరైనా?' అంటే ముప్పైమందీ ముక్కున వేలేసుకుంటారు. బండి ఆవిడదవుతుంది. డాక్టరుగారు ఇప్పుడు లేరు. అడిగేవాడు లేడు. ఆవిడ నోరు తెరిచింది. ఆయన తల ఎత్తి చూశాడు. ఆ చూపులో పంతొమ్మిదేళ్ళ కిందట వెనకగదిలో అద్దం ముందు భయంభయంగా నోరు తెరిచిన మనిషి కనిపించాడు.

అక్క నోరు మూసుకుంది. బండి పక్కనున్న పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీసింది.

"రుజువు లోపలుంది" అని జాలీ ముందు కూర్చుంది. "పగిలితే లోపల గులాబిరంగు కనబడుతుంది. ఇనుము అలా ఉండదుగా."

నాలుగో కడ్డీ మీద గురిపెట్టింది. నలభై ఏళ్ళలో ఆవిడ చేసినవాటిల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఆ సంగతి తెలుసు గనుకే చేయి ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని సుత్తి ఎత్తింది.

"ఆగమ్మా! ఆగు! కొట్టకు!"

కుర్చీ వెనక్కి పడింది. భూతద్దం గారు బల్ల చుట్టూ తిరిగి వచ్చేదాకా కూడా ఆగలేక, బల్ల మీదికి వంగి రెండు చేతులూ చాపాడు. అందరూ తెల్లబోయారు. ఆయన ఒకసారి చుట్టూ చూశాడు. జేబురుమాలు తీశాడు. అటు తిరిగి నోట్లో చెయ్యి పెట్టి, ఇటు తిరిగేసరికి చేతిలో పైవరుస ఉంది. ఆ వెంటనే కిందివరుస కూడా తీసి రుమాలు మీద పెట్టాడు. చెంపలు లోపలికి పోయాయి. ఒక్క క్షణంలో పదేళ్ళు పెద్దవాడయ్యాడు.

"ఇవి ఈవిడ చేసినవే" అన్నాడు. మాట సగం గాలిగా వచ్చింది గానీ అందరికీ తెలిసింది. "పంతొమ్మిదేళ్ళయింది. మీలో ఒక్కరైనా పట్టుకున్నారా? నేనే పొద్దున అద్దంలో చూసుకుని నావే అనుకుంటాను. ఆ కడ్డీలు ఈవిడ చేశానంటే చేసినట్టే. అంత బాగా చేసినదాన్ని నా అబద్ధం కోసం పగలగొట్టించలేను."

కండక్టరుగారు మెల్లగా భార్య పక్కకొచ్చి చెవిలో "నీవేనా?" అన్నాడు. ఈసారి అక్క తల ఊపింది. అంతే, ఆయనకు నవ్వాగలేదు. ఆ నవ్వు పక్కవాడికి, వాడినుంచి ఇంకోడికి అంటుకుంది. చివరికి భూతద్దం గారు కూడా బోసినోటితో పొట్ట పట్టుకుని నవ్వాడు. సందులో ఒకసారి ఆగి, "మరి ఆ మొదటి యాభై బండ్లు?" అని అక్కను దీనంగా అడిగాడు.

"యాభై ఎక్కడివండీ, మా ఇంటికి కిటికీలే ఆరు" అంది అక్క.

ఆయన పళ్ళు పెట్టుకుని, కుర్చీ సరిచేసుకుని, రిజిస్టరులో 'అసలు కాదు' అని స్పష్టంగా రాశాడు. కంపెనీ పేరు రాయాల్సిన గడి దగ్గర కలం ఆపి, అక్కను ఇంటిపేరుతో సహా పూర్తి పేరు అడిగాడు. అడిగి, ఆ గడిలో 'చేసినవారు' అని పెట్టి ఆ పేరు రాశాడు. అక్క వంగి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. వేల నోళ్ళలో ఆవిడ పని ఉంది. ఎక్కడా పేరు లేదు. ఇన్నాళ్ళకు ఒక్కచోట, అదీ ఓడిపోయిన బండి పక్కన, సిరా ఇంకా ఆరకుండా కనబడింది. ఆవిడకు కళ్ళు మసకబారాయి.

నియమం ప్రకారం నెగ్గని బండిని వెంటనే ఆవరణలోంచి తీసేయాలి. అక్క ఇంజను చక్రానికి తాడు చుట్టింది గానీ, కళ్ళు ఇంకా మసకగానే ఉండటంతో జారిపోయింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ జారింది. మూడోసారి ఆ తాడు ఆవిడ చేతిలోంచి తమ్ముడు తీసుకున్నాడు. చొక్కా చేతులు మడిచి, తాడు చుట్టి, ఒక్కటి లాగాడు. ఇంజను అందుకుంది. గుప్పున లేచిన పొగ కార్యదర్శి గారి తెల్లచొక్కా మీద నిలువునా పడింది.

అక్క ఎక్కి కూర్చుంది. తమ్ముడు ముందు నడిచి గేటు తీశాడు. తీసినవాడు పక్కకు తప్పుకోలేదు. గేటు మధ్యలోనే నిలబడ్డాడు. అక్క బ్రేకు వేసింది. వాడు దగ్గరికొచ్చి స్టీరింగు మీద చెయ్యి వేసి, ఇంజను చప్పుడులో వినపడాలని గట్టిగా అరిచాడు.

"నాన్న నన్నెప్పుడూ నడపనివ్వలేదక్కా. చిన్నవాడినని నీకే ఇచ్చేవాడు. నేను పెద్దయ్యేసరికి కుండీలు మోయడం మానేశాడు. ఆ తర్వాత అడగలేదు."

అక్కకు ఆ మాట ఎదలో గుచ్చుకుంది. యాభై ఏళ్ళుగా వీడు కొలతలు కొలుస్తూ తిరిగాడే గానీ ఈ సంగతి ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. పన్నెండేళ్ళు తన పెరట్లోనే ఉన్నా ఒక్కనాడూ ఎక్కి కూర్చోలేదు. వాడి మొహంకేసి చూసింది. మసి అంటుకున్న ఆ మొహం చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇప్పుడు వద్దు, గోడకు గుద్దేస్తావు" అని అరిచింది. "రేపు పొద్దున్నే ఇంటికి రా, నేర్పుతాను. ఆ టేపు మాత్రం తేకు."